ఎడమ పక్క కిటికీ

మైపాడు బీచిలో మా బజ్జీల అంగడికి వచ్చేవాళ్ళు ముందు మిరపకాయ బజ్జీ అడుగుతారు, లేదంటే చేప వేపుడు అడుగుతారు. ఆ తర్వాత నూనె కాగేదాకా ఊరికే నిలబడలేక మా వదినను పలకరిస్తారు. "అమ్మా, మీది ఈ ఊరేనా?" అని. వదిన చేతిలోని చిల్లుల గరిటెను దక్షిణం వైపు చాపి, "మాది ఆ పక్క. ఇప్పుడు పోయేదానికి లేదు" అనేది. గరిటె నుంచి కారే వేడి నూనె చుక్కలు, పక్కనే కూర్చుని పిండి కలుపుతున్న నా కాళ్ళ మీద పడేవి. ఆ మాట నోటితో చెబితే చాలదా, గరిటె కూడా చాపాలా అని ఎన్నేళ్ళు మొత్తుకున్నానో. వింటేగా! నాకు నోరెక్కువని ఊరందరికీ తెలుసు. మా వదిన ఎవరి మాటా వినదని నాకొక్కదానికే తెలుసు.

వదిన అంటే మా ఆయన అక్క. పుట్టింది శ్రీహరికోట దీవిలో. రాకెట్లు రాకముందు అక్కడ పల్లెలుండేవి. అడవిలో కట్టెలు కొట్టి, పడవలకెత్తి, కాలువ మీద మద్రాసుకు పంపి బతికేవాళ్ళు. వదిన వాళ్ళ నాన్న, అంటే మా మామ, ఆ కట్టెలు కొట్టిన మనిషే. రాకెట్ల కేంద్రం కట్టేటప్పుడు పల్లెలను ఖాళీ చేయించి అందరినీ పులికాట్ సరస్సు దాటించారు. తలా ఒక ఊరికి చెదిరిపోయారు. వదిన అప్పటికి గౌన్లు తొడుక్కునే పిల్ల. చంకలో కోడిపెట్టను పెట్టుకుని పడవెక్కిందట. మా ఆయన సరస్సుకు ఇవతల పుట్టాడు కాబట్టి ఆయనకు ఆ దీవి మీద ఏ బెంగా లేదు. బెంగంతా వదినే మోసింది. పెళ్ళయి వేరే ఊరికి పోయినా, భర్త పోయాక మా దగ్గరికి వచ్చి అంగడి పొయ్యి ముందు కూర్చున్నా, ఆ బెంగను దించలేదు.

ఆమె చెప్పే దీవి ఎప్పుడూ ఒకటే. ఇంటి ముందర నుంచి సముద్రం దాకా తాటిచెట్ల వరస. వేటకు పోయిన పడవలు ఆ వరసను చూసే ఒడ్డుకు తిరిగేవట. ఇసకలో మోచేతి లోతు తవ్వితే తియ్యటి నీళ్ళట. నేరేడు పండ్లు తిని, నల్లబడ్డ నాలుకలు బయటపెట్టి ఒకరికొకరు చూపించుకునేవాళ్ళట. వాళ్ళమ్మ ఏం వండినా మొదటి ముద్ద తీసుకుపోయి అల తగిలేచోట పెట్టి వచ్చేదట. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ కథ వింటే ముచ్చటేసేది. తర్వాత్తర్వాత, ఉల్లిపాయలు తరుగుతూ ఆమె మొదలుపెట్టిందంటే, తాటిచెట్లు అయినాయా, నేరేడు పండ్లకు వచ్చినావా అని వెక్కిరించేదాన్ని. నవ్వేది. నవ్వి, మళ్ళీ మొదటి నుంచి చెప్పేది.

వాళ్ళమ్మ అలవాటు ఒక్కటి మాత్రం వదిన తనతోపాటు తెచ్చుకుంది. మా అంగట్లో మొదటి వాయిలో మొదటి బజ్జీ ఎవరికీ అమ్మం. ఎంత గిరాకీ ఉన్నా, ఎవరు డబ్బులు పట్టుకుని నిలబడినా, వదిన దాన్ని చేతిలో పట్టుకుని నీళ్ళ దాకా నడిచి, తడి ఇసక మీద పెట్టి, అల వచ్చి తీసుకుపోయేదాకా చూసి వస్తుంది. అంతసేపూ కస్టమర్ల సణుగుడు వినేది నేను.

రాకెట్ ఎగిరే రోజు బీచంతా జనం. మా వైపు నుంచి చూస్తే దక్షిణాన ఆకాశంలో నిప్పు కనపడుతుంది, ఆ తర్వాత పొగ. అందరూ తలలెత్తి, ఫోన్లెత్తి, ఆ నిప్పుతోపాటు మెడలు తిప్పుతారు. వదిన మాత్రం కిందికి చూసేది. పొగ ఎక్కడ మొదలైందో అక్కడ. ఆడే మా ఊరు అని మెల్లగా అనేది. రాకెట్ ఎటు పోయిందో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఆ చూపు నేను చూడలేకపోయేదాన్ని. అది బయటపడకుండా, బజ్జీలు మాడిపోతున్నాయి వదినా అని కేకేసేదాన్ని.

ఆదివారాల్లో నెల్లూరు నుంచి ఒక టీచరమ్మ వచ్చేది. బస్సులో వచ్చి బస్సులో పోయేది. బజ్జీలు పెట్టించుకోవడానికి ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చుకునేది. ప్లాస్టిక్ ప్లేటు ఇస్తే తిరిగి ఇచ్చేసేది. ఇదేం చాదస్తం అనుకున్నాను మొదట్లో. కానీ గాలికి ఎగిరిపోయిన ప్లేట్లను సాయంత్రం పూట వంగి వంగి ఏరేది నేనే కదా. నడుం నొప్పి పుట్టాక నాకూ జ్ఞానం వచ్చింది, మేమూ బాదం ఆకుల్లో పెట్టివ్వడం మొదలుపెట్టాం. ఆ టీచరమ్మే ఒకసారి చెన్నై నుంచి వైజాగుకు విమానంలో పోయి వచ్చి, మాటల్లో చెప్పింది, ఎడమ పక్క కిటికీలోంచి పులికాట్ సరస్సు, శ్రీహరికోట దీవి ఎంత చక్కగా కనపడ్డాయో.

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. పైనుంచి కనపడతాదా అని అడిగింది. మబ్బు లేకపోతే బ్రహ్మాండంగా కనపడుతుందంది టీచరమ్మ. కాకపోతే ఎడమ పక్కనే కూర్చోవాలంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో తాటిచెట్ల కథ పోయి ఎడమ పక్క కిటికీ కథ వచ్చింది. సాయంత్రం సముద్రం మీద ఉత్తరానికి పోయే విమానం దీపం కనపడితే చాలు, పని వదిలేసి నిలబడేది. దాంట్లో ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళు ఇందాకే మా ఊరు చూసుంటారు అనేది. చూసినా వాళ్ళకు అక్కడ ఒక ఊరుండేదని తెలియదు కదా అంటే, అదే కదమ్మా నా బాధ అనేది. నడిచి పోనివ్వరు, పడవలో పోనివ్వరు. పైనుంచి చూస్తే మాత్రం ఎవరూ అడ్డం చెప్పరని ఆమెకు ఇన్నేళ్ళకు తెలిసింది. ఆ ఆశ పుట్టాక మనిషి పొయ్యి ముందు కూర్చునే తీరే మారిపోయింది. కూనిరాగాలు కూడా తీసేది. ఏమైనా సరే ఈమెను ఒక్కసారి విమానం ఎక్కించాలని నేనూ మా ఆయనా గట్టిగా అనుకున్నాం.

తీరా టికెట్లు కొందామనుకునే వేళకు ఆ టీచరమ్మే అంతా పాడుచేసింది.

ఆ ఏడు తుపానుకు అలలు మా పందిరి గుంజల దాకా వచ్చాయి. అంతకుముందే ఒకసారి అంగడిని వెనక్కి జరుపుకున్నాం, మళ్ళీ జరపాల్సి వచ్చింది. మేం గుంజలు పీకుతుంటే వచ్చిన టీచరమ్మ, సముద్రం ఎందుకు ముందుకొస్తోందో చెప్పింది. భూమి వేడెక్కుతోందనీ, బండ్లూ ఫ్యాక్టరీలూ విమానాలూ వదిలే పొగే దానికి కారణమనీ, మనిషి రైల్లో పోయినప్పటికంటే విమానంలో పోయినప్పుడు చాలా ఎక్కువ పొగ అతని ఖాతాలో పడుతుందనీ చెప్పింది. అందుకే తానైతే ఇకమీదట తప్పనిసరైతేనే ఎక్కుతానంది. మంచి మాటే, కాదనను. చెప్పడానికి ఇంకో రోజే దొరకలేదా తల్లీ నీకు!

వదిన చేతిలోని పలుగు కింద పెట్టింది. అయితే నేను ఎక్కను అంది.

నేను ఊరుకుంటానా. వారం వారం ఎక్కేవాళ్ళుండగా, పుట్టి బుద్ధెరిగి ఒక్కసారీ ఎక్కని మనిషికి వచ్చిన పాపమేంటి అన్నాను. నువ్వు ఎక్కకపోతే ఆ విమానం ఆగదు, నీ సీట్లో ఇంకొకడు కాళ్ళు చాపుకుని పోతాడు అన్నాను. టీచరమ్మ కూడా కంగారుపడి, మీలాంటివాళ్ళను అనలేదమ్మా నేను అని సర్దిచెప్పబోయింది. వదిన అందరినీ మాట్లాడనిచ్చింది. చివరికి ఒకే మాట చెప్పింది.

"పైకెగిరేదానికోసం ఒక ఊరు పోగొట్టుకున్నా. మళ్ళీ ఆ ఎగిరేదానికోసమే ఈ ఊరు గూడా సముద్రంలో పోయేటట్టుంటే, దాంట్లో నా చెయ్యి ఉండకూడదుమే."

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. ఆ రోజు మిగిలిన గుంజలన్నీ నేనే పీకాను.

ఇది జరిగిన కొన్నాళ్ళకు నూనె అతను వచ్చాడు. కాగిన నూనెను మర్నాడు కొత్తదాంట్లో కలపడం, మరీ నల్లబడితే అంగడి వెనక ఇసకలో పారబోయడం బీచిలో అందరం చేసే పనే. అక్కడ ఇసక నల్లగా జిడ్డు కట్టి, కుక్కలు నాకుతుండేవి. ఇతను చిన్న వ్యాను వేసుకుని అంగడి అంగడికీ తిరిగి, కాగిన నూనెను మళ్ళీ వాడొద్దు, పారబోయొద్దు, వడకట్టి డబ్బాలో ఉంచితే నేను పట్టుకుపోతానని చెప్పాడు. పట్టుకుపోయి ఏం చేస్తావయ్యా అని అడిగాను. కొంత లారీల డీజిల్లోకి పోతుందనీ, ఇప్పుడు విమానాల్లో పోసే ఇంధనం కూడా దీంతో తయారుచేస్తున్నారనీ అన్నాడు. కొత్తగా భూమిలోంచి తోడే నూనె ఆ మేరకు తగ్గుతుందట, పొగ భారమూ తగ్గుతుందట.

నేను పకపకా నవ్వాను. మిరపకాయ బజ్జీల నూనె పోస్తే పైన పోయేవాళ్ళకు తుమ్ములు రావా అన్నాను. వదిన నవ్వలేదు. నా భుజం పట్టుకుని లేచి నిలబడి, నిజమేనా అబ్బయ్యా అని అడిగింది. నిజమే అక్కా, నాకు అబద్ధమాడాల్సిన పనేముందన్నాడు.

ఇక చూడాలి మా వదిన అవతారం. పాత నూలు చీర చింపి, మడతలు పెట్టి, నూనెను ఒకసారి కాక రెండుసార్లు వడకట్టేది. బాండలి అడుగున మిగిలిన చుక్కను కూడా వంచి వంచి పట్టేది. ఆ చుక్క ఎంత దూరం పోవాల్నో పాపం అనేది. పక్క అంగళ్ళవాళ్ళు సరిగా వడకట్టకపోతే పోయి తానే వడకట్టి వచ్చేది. మన నూనెతో ఎగిరే విమానం వచ్చినప్పుడు ఎక్కుతానని మాకు తేల్చి చెప్పింది. నా భయం నాది. అది ఎప్పటికి వచ్చేను? నేల మీద నుంచి లేవాలంటే నా భుజం కావలసిన మనిషికి, విమానం మెట్లెక్కే ఓపిక అప్పటిదాకా ఉంటుందా? ఎదురుచూసీ చూసీ ఆ దీవిని చూడకుండానే పోతుందేమోనని నాకు రోజూ దిగులుగా ఉండేది. పైకి మాత్రం, నూనె కంపు భరించలేకపోతున్నాను అని విసుక్కునేదాన్ని.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకు మా దగ్గర పడవల ఇంజన్లకు, ఆటోలకు, చివరికి మా గ్యాసు పొయ్యికి కూడా పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కోస్తాం. ఆ ఉదయం వదిన పొయ్యికి బొట్టు పెట్టి, పక్కనున్న నూనె డబ్బా వైపు చూసింది. విమానం కూడా బండే కదా అంది. దానికి పూజ ఎవరు చేస్తారో, అసలు చేస్తారో చెయ్యరో, మన వంతు మనం చేసి పంపిద్దామంది. డబ్బాకు బొట్టు పెట్టి ఊరుకుంటుందనుకున్నాను. మూత తీసింది. చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ, కాసిని అక్షింతలు, ఒక కర్పూరం బిళ్ళ లోపల వేసి, నిమ్మకాయ కోసి రెండు చెక్కలూ దాంట్లోనే పిండేసింది. నేను పక్కనే నిలబడి దండం కూడా పెట్టాను. దేవుడి పేరున చేసిన పనిలో తప్పుంటుందని ఎవరికి తోస్తుంది?

నూనె అతను మామూలుగా వచ్చి, మా డబ్బాను బీచిలోని అందరి నూనెతోపాటు పెద్ద డ్రమ్ములో వంచుకుపోయాడు. ఆ డ్రమ్ము ఫ్యాక్టరీవాళ్ళ పరీక్షలో తప్పింది. నీళ్ళు, పులుపు, ఇంకా ఏవేవో కలిశాయని మొత్తం వెనక్కి పంపేశారట. ఎవరు కల్తీ చేశారని అతను అంగడి అంగడికీ వచ్చి అడుగుతుంటే, వదిన తనంతట తానే ఎదురుపోయి, కల్తీ కాదు నాయనా, పూజ చేసినా అని చెప్పింది. అతను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత కొన్ని వారాలు ఇటువైపు రాలేదు. బీచివాళ్ళు మళ్ళీ ఇసకలో పారబోయడం మొదలుపెట్టారు. అది చూసి వదినకు అన్నం సయించలేదు. మన నూనె పోతే పోయింది, అందరిదీ చెడగొడితిని కదా అని ఒకటే కుమిలిపోయింది. ప్రతి అంగడికీ పోయి, పారబోయొద్దు, అతను వస్తాడు అని బతిమాలింది. నేనైతే అతన్నే తిట్టుకున్నాను, పూజ విలువ తెలియని మనిషని. ఎవరో ఒకరిని తిట్టుకోకపోతే నాకు పొద్దుపోదు.

మొత్తానికి వచ్చాడు. వదిన అతన్ని కూర్చోబెట్టి, వేడిగా నాలుగు బజ్జీలు పెట్టి, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న మాట అడిగింది. మా నూనె పోసిన విమానం ఏది, అది ఇటువైపు ఎప్పుడు పోతుంది అని. అతను తింటున్నవాడల్లా ఆగాడు.

"అక్కా, అన్ని ఊళ్ళ నూనె ఒకే తొట్లో పడతాది. దాన్ని తీసకపోయి మామూలు దాంట్లో రవ్వంత కలుపుతారు. నీ చుక్క ఏ విమానంలో ఉండాదో చెప్పేదానికి ఎవురి వల్లా కాదు."

పూర్తిగా ఇలాంటి నూనెతోనే ఎగిరేది ఎప్పుడొస్తుందని అడిగితే, తల గోక్కుని, మనం చూస్తామో లేదో చెప్పలేనన్నాడు. ఒక చిన్న అబద్ధం చెబితే నీ సొమ్మేం పోతుందయ్యా అని నాకు ఒళ్ళు మండింది. అతను పోయాక వదిన డబ్బాను కడిగి ఎండలో బోర్లించింది.

ఆ సాయంత్రం పిండి గిన్నె తోముతూ ఉన్నట్టుండి మాట్లాడింది.

"మమ్మల్ని గూడా అట్లనే గదమే, తలా ఒక ఊళ్ళో పోసినారు. ఎవురు యాడుండారో ఇప్పుడు ఏరేదానికి కాదు. అట్లని లేకుండా పోయినామా? మన చుక్క గూడా ఏదో ఒకదాంట్లో ఉంటాది." గిన్నె కడిగి పక్కన పెట్టింది. "ఒక్కసారి ఎక్కుతా. పోయేటప్పుడే. వచ్చేటప్పుడు రైలు."

నేను పిండి చేతులతోనే పరిగెత్తిపోయి, ఆమె మనసు మారేలోపల టికెట్లు తియ్యమని మా ఆయన మీద పడ్డాను. ఎడమ పక్క కిటికీ అని మూడుసార్లు చెప్పించాను ఆయన చేత.

పోయే రోజు అంగడి తెరవకపోయినా వదిన తెల్లవారుతుండగానే పొయ్యి వెలిగించింది. రెండే రెండు బజ్జీలు వేసింది. ఒకటి తీసుకుపోయి మైపాడు అలకు పెట్టింది. ఇంకొకటి బాదం ఆకులో చుట్టి, డబ్బాలో పెట్టి, సంచిలో వేసుకుంది. అది ఏ ఒడ్డుకో నాకు తెలుసు.

మా ఆయనను ఇంటి దగ్గర వదిలి, మేమిద్దరం నెల్లూరులో చెన్నై రైలెక్కాం. మనుబోలు, గూడూరు దాటాయి. సూళ్ళూరుపేట వస్తుందనగా వదిన లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడింది. అక్కణ్ణుంచి సరస్సు మీదుగా దీవికి రోడ్డుంది. పాసు ఉన్నవాళ్ళకే. రైలు ఆగింది, జనం దిగారు, ఎక్కారు. రైలు కదిలాక వదిన వచ్చి కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఉక్కగా ఉండాది అంది.

విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేసే ఆయన డబ్బా మూత తీసి, ఒంటరి బజ్జీ వైపు కాసేపు చూశాడు. ప్రసాదం అంది వదిన. ఆయన మూత పెట్టి ఇచ్చేశాడు. విమానంలో కిటికీ సీటు వదినది, నడిమిది నాది. అది పరిగెత్తేటప్పుడు నేను కళ్ళు గట్టిగా మూసుకుని తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాను. వదిన కిటికీకి ముక్కు ఆనించి కదలకుండా కూర్చుంది.

లేచీ లేవగానే మబ్బు. ఎటు చూసినా తెల్లగా మబ్బు తప్ప ఏమీ లేదు. ఒక్కసారికని తనకు తానే ఒట్టు పెట్టుకుని ఎక్కిన మనిషి. ఇన్నేళ్ళ బెంగ. ఇప్పుడు ఈ మాయదారి మబ్బు! నడిపేవాళ్ళను కొంచెంసేపు ఆపమని అడుగుదామా అన్నంత ఉక్రోషం వచ్చింది. పక్కసీటాయన నా వైపు అనుమానంగా చూశాడు. అంతలో మబ్బు వెనకబడింది.

ముందు తెల్లటి నురగ గీత కనపడింది. దాన్ని ఆనుకుని పొడుగ్గా దీవి. దీవి వెనక ఎండకు మెరుస్తున్న సరస్సు, దాని మీద సన్నగా రోడ్డు. వదిన చెయ్యి వచ్చి నా మణికట్టును పట్టుకుంది.

"అదేమే" అంది.

ఆమె కళ్ళు దీవి మీద ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతున్నాయి. తాటిచెట్ల వరస కోసమని నాకు తెలుసు. అంత ఎత్తు నుంచి చెట్టూ లేదు, వరసా లేదు. ఒకచోట ఏవో కట్టడాలు తెల్లగా ఉన్నాయి, మిగతాదంతా పచ్చని అడవే. ఊరు ఎక్కడ ఉండేదో, బాట ఎక్కడ ఉండేదో ఆనవాలు లేదు. నేను దీవిని వదిలేసి ఆమె ముఖమే చూస్తున్నాను. ఏడుస్తుందనుకుని కొంగు చేతిలో సిద్ధంగా పట్టుకున్నాను.

"ఎంత పచ్చగా ఉండాదో చూడు" అంది వదిన. "మేం ఉన్నింటే ఇంత పచ్చగా ఉండేదా?"

చేతిలో పట్టుకున్న కొంగును వదిలేశాను. ఆమే చెప్పుకుంది, మెల్లగా, కిటికీ వైపు తిరిగి. వాళ్ళ నాన్నే ఆ చెట్లు కొట్టి అమ్మేసేవాడట. కట్టె కొడితేనే కూడు కాబట్టి ఆయన్ని అనడానికీ లేదట. ఆ తర్వాత దీవి సన్నబడి సన్నబడి నీళ్ళలో అయిపోతున్నప్పుడు, మేం లేకుండానే బాగుండాది అంది.

ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది. ఊరికి పోనివ్వలేదన్న బాధ ఆమెకు ఉండనే ఉంది, ఏళ్ళ తరబడి మోసి అలవాటు చేసుకుంది. తాము లేకపోవడమే ఆ ఊరికి మంచిదైందన్న బాధను ఆమె ఆ కిటికీ దగ్గరే కొత్తగా నెత్తికెత్తుకుంది. అక్కడికి తీసుకుపోయింది నేనే కదా. నాకు కోపం వచ్చింది గానీ ఎవరి మీద రావాలో తెలియలేదు. రాకెట్ల మీదనా, కట్టెలు కొట్టిన మామ మీదనా, ఆయన లేకపోతే హాయిగా పెరిగిన ఆ చెట్ల మీదనా? చెట్ల మీద కోపం తెచ్చుకున్న మనిషిని లోకంలో నేనొక్కదాన్నేనేమో.

వదిన డబ్బా తీసింది. బజ్జీ చల్లారి మెత్తబడిపోయింది. ఈడనుంచి పెట్టేదానికి కాదులే అని, దాన్ని రెండుగా తుంచి సగం నాకిచ్చింది, సగం తాను తింది. తిన్నంతసేపూ బయటికే చూసింది. అప్పటికి కింద సముద్రం తప్ప ఏమీ లేదు.

వైజాగు బీచిలో వేరేవాళ్ళ బజ్జీలు తిని, ఈ నూనె ఎన్నిసార్లు కాచినారమ్మా అని అంగడామెతో గొడవపడింది మా వదిన. పాతనూనె పారబోయొద్దని ఆమెకు పాఠం చెప్పి, వడకట్టే పద్ధతి కూడా చూపించి వచ్చింది. ఆ గొడవ చూసి నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది. తిరిగి వచ్చేటప్పుడు అన్నమాట ప్రకారం రైలే. రాత్రంతా కూర్చునే ఉంది. బిట్రగుంట దగ్గర తెల్లవారింది. కిటికీ పక్క సీటు ఇస్తానంటే, నువ్వు కూర్చో, నేను చూసినా కదా అంది.

ఇప్పటికీ నూనె అతను వస్తున్నాడు. వదిన ఇప్పటికీ రెండుసార్లు వడకడుతుంది. దసరాకు డబ్బా బయట మాత్రమే బొట్టు పెడుతుంది. సాయంత్రం విమానం దీపం కనపడితే తలెత్తి చూసేది ఇప్పుడు నేను. ఎడమ పక్క ఎవరు కూర్చున్నారో, కిందికి చూస్తున్నారో నిద్రపోతున్నారో అనుకుంటాను. వదిన తలెత్తదు.

పోయిన ఆదివారం పిల్లాపాపలతో వచ్చిన ఒకాయన, నూనె కాగేదాకా ఊరికే నిలబడలేక, మీది ఈ ఊరేనా అమ్మా అని అడిగాడు. వదిన గరిటె చాపింది. చుక్కలు నా కాళ్ళ మీద పడ్డాయి. తిట్టడానికి నోరు తెరిచి, ఏం చెబుతుందో విందామని ఊరుకున్నాను.

మాది ఆ పక్క, పైనుంచి చూసొచ్చినా, చాలా బాగుండాది అని చెప్పింది. అంత బాగుంటే మళ్ళీ పోతారా అమ్మా అని ఆయన నవ్వుతూ అడిగాడు. వదిన బజ్జీలను నూనెలో ఒకసారి తిప్పింది.

"పోనిస్తే నడిచే పోతా నాయనా. ఒక్క చెట్టు గూడా ముట్టుకోను."